మూడు పులులు, పదిహేను మేకలు, నాలుగు శాఖలు

కోనగుట్టపల్లెలో అర్జీలు రాసేది నేనే. ఊరి పోస్టాఫీసు నాది, అంటే మా ఇంటి ముందు గది. స్టాంపులు అమ్మగా మిగిలిన పొద్దంతా పింఛన్ల కోసం, కరెంటు స్తంభాల కోసం, అన్నదమ్ముల మీద ఫిర్యాదుల కోసం జనానికి అర్జీలు రాసిపెడుతుంటాను. నా అర్జీల వల్ల ఎవరికీ మేలు జరిగిన దాఖలా లేదు. కీడు కూడా జరగలేదని నాకో మంచి పేరుండేది. పులిబండ అర్జీతో ఆ పేరు కాస్తా పోయింది.

పులిబండ మా ఊరికి ఉత్తరాన ఉంది. నల్లరాతి గుట్ట, దాని నెత్తిన చదునైన చోట పులిజూదం గీతలు చెక్కి ఉన్నాయి. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. ఆట తెలియనివాళ్లకు చెబుతాను. ఒకరివి మూడు పెద్ద రాళ్లు, అవి పులులు. ఇంకొకరివి పదిహేను గులకరాళ్లు, అవి మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలు నాలుగు వైపులా మూగి పులుల్ని కదలనీయకుండా చేస్తే పులుల్ని కట్టేసినట్టు. అంతే ఆట.

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ బండ మీద ఇద్దరు కూర్చుంటారు. పులులు పరుపులు కుట్టే మస్తాన్ వలీవి, మేకలు బస్టాపు దగ్గర ఉగ్గాని బజ్జీ అమ్మే ఓబులమ్మవి. ఇరవై ఆరేళ్లుగా ఆడుతున్నారు. ఓబులమ్మ ఊళ్లో అందరినీ కట్టేసింది. నన్నయితే బాండలిలో నూనె కాగేలోపే కట్టేస్తుంది. మస్తాన్‌ను మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా కట్టలేకపోయింది. ఆ సంగతి ఎత్తినవాడికి మర్నాడు బజ్జీలో మిరపకాయ తప్ప పిండి ఉండదు.

నిరుడు ఎండాకాలంలో క్రషర్ యజమాని జయరాముడు మనుషులను తెచ్చి బండ చుట్టూ ఎర్రరంగు గీతలు గీయించాడు. గుట్ట మొత్తం కంకర కొట్టడానికి అర్జీ పెట్టుకున్నాడట. ఆ సాయంత్రమే ఓబులమ్మ పోస్టాఫీసు గడపలో కూర్చుంది.

"పోస్టు నాయనా, గవుర్మెంటుకు రాయి. మా బండ జోలికి రావద్దని రాయి. పొద్దున్నుంచి పొయ్యికాడ కాలి కాలి, ఆడికి పోయి కూచుంటేనే నాకు పానం లేసొచ్చేది. అది గూడా పగలగొట్టి రోడ్డుకేస్తారంట."

ఆ వారమే పేపర్లో ఒక ప్రకటన పడింది. పర్యాటకం, వారసత్వం, సంస్కృతి, క్రీడలు, ఈ నాలుగింటినీ ప్రభుత్వం ఒకే శాఖ కిందికి తెచ్చి వెన్నుదన్నుగా నిలుస్తుందట. మా బండకు ఈ నాలుగూ వర్తిస్తాయి కదా అని నాకు హుషారు పుట్టింది. ఇలా రాశాను: "మా ఊరి పులిబండ మీద అనాదిగా మూడు పులులు, పదిహేను మేకలతో పులిజూదం జరుగుచున్నది. క్రషర్ వల్ల వీటికి ప్రాణాపాయము ఉన్నది. కాపాడగలరని ప్రార్థన." ఆ ప్రాణాపాయం అన్న మాట నా సొంత కవిత్వం. దానికి ఇప్పటికీ చెంపలు వేసుకుంటున్నాను.

అర్జీ రాజధానిలోని ఆ శాఖకు చేరింది. అక్కడెవరో దాన్ని శ్రద్ధగా చదివారు, అదే మా దురదృష్టం. అందులో పులులున్నాయి కాబట్టి ఒక నకలు అటవీ శాఖకు, మేకలున్నాయి కాబట్టి ఇంకొకటి పశుసంవర్ధక శాఖకు, జూదం ఉంది కాబట్టి మరొకటి పోలీసులకు పంపారు. అసలు కాగితం తమ దగ్గరే ఉంచుకుని తగు చర్య నిమిత్తం ఎదురుచూశారు.

ముందుగా అటవీ శాఖ రేంజరు వచ్చాడు. జీపులో బోను, చెట్లకు కట్టే కెమెరాలు, మత్తు సూదులు పేల్చే తుపాకీ. "పులులెక్కడ?" అని గొంతు తగ్గించి అడిగాడు. మస్తాన్ తన సంచిలోంచి మూడు రాళ్లు తీసి బండ మీద పెట్టాడు.

రేంజరు వాటిని చాలాసేపు చూశాడు. తుపాకీ కింద పెట్టి, టోపీ తీసి, బండ మీద చతికిలబడ్డాడు.

"రాళ్లు సార్ ఇవి," అన్నాను, ఆయనకు సాయం చేద్దామని.

"నాకు కళ్లున్నాయి. కానీ మీ అర్జీని బట్టి రాష్ట్రంలో పులుల సంఖ్య మూడు పెరిగిందని మొన్నటి సమీక్షలో మా పెద్దసారు ప్రకటించారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు."

ఆయన మంచివాడే, ఆ మాట చెప్పాలి. మూడు రాళ్లకూ కొలతలు తీసుకున్నాడు. "పులి ఒకటి: ఆరోగ్యము నిలకడగా ఉన్నది. కదలికలు తక్కువ" అని రాసుకున్నాడు. రెండో పులికి అంచున చిన్న పెచ్చు ఊడి ఉంటే "పాత గాయము" అని రాశాడు. పోతూ పోతూ మస్తాన్ చేత సంతకం పెట్టించుకుని, ఇకనుంచి పులుల్ని సంచిలో తీసుకుపోవడం నేరమని చెప్పాడు.

"మరి నడిపించుకోని పోవాల్నా సామీ?" అన్నాడు మస్తాన్. రేంజరు టోపీ పెట్టుకుని జీపెక్కాడు.

ఆ మర్నాడే పశువుల డాక్టరు టీకాల పెట్టెతో దిగాడు. ఆయన రికార్డులో మేకలు పదిహేను. బండ మీద ఆట మధ్యలో ఉంది, గులకరాళ్లు లెక్కపెడితే పన్నెండే తేలాయి.

"మిగతా మూడు ఏవీ?"

మస్తాన్ చొక్కా జేబులోంచి మూడు గులకరాళ్లు తీసి చూపించాడు. "ఇవి సచ్చిపొయినాయి సార్. ఇప్పుడే తిన్న్యా."

డాక్టరు కలం ఆగిపోయింది. "మరణానికి కారణం?"

"పులి మింగింది," అంది ఓబులమ్మ, ఒళ్లు మండి. "ఈయప్ప పులి. నా మేకను మూలకు ఈడ్చి ఈడ్చి మింగింది. రాసుకో."

డాక్టరు అక్షరాలా అదే రాసుకున్నాడు. మూడు మేకల కళేబరాలను శవపరీక్షకు కాగితంలో పొట్లం కట్టి తీసుకుపోయాడు. అప్పటినుంచి ఓబులమ్మ చింతగింజలు మూడు కలుపుకుని ఆడుతోంది. వాటికి టీకాలు వేయలేదు గనుక మందలో కలపరాదని వారం తిరక్కుండా నోటీసు వచ్చింది.

ఎస్సై వచ్చినప్పుడు మాకు కొంచెం భయం వేసింది. ఆయన నేరుగా విషయానికి వచ్చాడు. "ఇక్కడ జూదం జరుగుతోందని రాతపూర్వకంగా సమాచారం ఉంది. పందెం ఏం కడతారు?"

"ఓడినోళ్లు టీ తాపాల సార్," అన్నాడు మస్తాన్ అమాయకంగా.

"ఇరవై ఆరేండ్లుగా నేనే తాపిస్తాండా," అని ఓబులమ్మ గొణిగింది.

ఎస్సై ముఖం విప్పారింది. ఇరవై ఆరేళ్లుగా నిరాటంకంగా సాగుతున్న పందెం. అంత పాత కేసు ఆయన సర్వీసులో దొరకలేదట. సాక్ష్యం కింద రెండు టీ గ్లాసులు స్వాధీనం చేసుకున్నాడు. టీ కొట్టువాడు ఆ గ్లాసుల కోసం ఇప్పటికీ స్టేషను చుట్టూ తిరుగుతున్నాడు.

ఇంత జరిగాక, అసలు శాఖ నిద్ర లేచింది. జాయింట్ డైరెక్టర్ కమలాకర్ గారు తెల్లని కారులో వచ్చి, బండ ఎక్కి, గీతల ముందు మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఆయనకు భక్తి కలిగిందో, మోకాళ్లు పట్టేశాయో తెలియదు, చాలాసేపటికి గానీ లేవలేదు.

"ఇది ఆట కాదు. ఇది మన పూర్వీకుల దార్శనికతకు శిలారూప వ్యక్తీకరణ. అయితే పేరులో జూదం అనే అవాంఛనీయ పదజాలం ఉన్నందున దాన్ని తొలగిస్తున్నాం. నేటినుంచి దీని పేరు సాంప్రదాయిక వ్యూహాత్మక శిలాఫలక క్రీడ."

ఓబులమ్మ నా వైపు వంగింది. "ఏమంటాండాడు నాయనా?"

"పులిజూదం అనొద్దంటున్నాడు."

"మరేమనాల?"

అంత పొడుగు పేరు ఒక్కసారి వింటే గుర్తుంటుందా?

కేసు ఎత్తేశారు, క్రషర్‌ను ఆపారు. ఊరంతా సంతోషపడింది. ఓబులమ్మ ఆ రోజు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బజ్జీలు పంచింది. నాకు రెండు ఎక్కువే పెట్టింది. నా చేతి రాతకు ఫలం దక్కిన రోజు అదొక్కటే కాబట్టి వివరంగా చెబుతున్నాను.

పది రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఓబులమ్మకూ మస్తాన్‌కూ చదివి వినిపించాను. మంత్రిగారి సమక్షంలో సదరు క్రీడను లాంఛనంగా ప్రదర్శించాలి. ఆట పూర్తయి ఫలితం ప్రకటించిన వెంటనే, గీతలున్న మేరకు బండను కోసి, రాజధానిలోని మ్యూజియంలో అద్దాల పెట్టెలో భద్రపరుస్తారు. వారసత్వం తరలిపోయాక మిగిలేది మామూలు రాయి గనుక దాన్ని గనుల శాఖకు, అంటే జయరాముడికి, అప్పగిస్తారు. ఆట జరుగుతున్నంత కాలం మాత్రం వారసత్వానికి భంగం కలగకుండా వంద మీటర్ల లోపల ఏ పనీ చేయరాదు.

ఓబులమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఆట అయిపోతే బండ పోతాదా?"

"పోతుంది."

"అయిపోకపోతే?"

"అయిపోకపోతే ఎవరూ ముట్టుకోకూడదు. కానీ ఆట అన్నాక అయిపోదా?"

ఆవిడ మస్తాన్ వైపు చూసింది. మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. ఎంతసేపు సాగదీసినా పొద్దు గూకేలోపు ఎవరో ఒకరు గెలుస్తారు. ఆ సాయంత్రం ముగ్గురమూ ఏడుపు ముఖాలతో ఇళ్లకు పోయాం. బండను కాపాడమని అర్జీ రాసి, దాన్ని కోసి పంపే ఉత్తర్వు తెప్పించిన ఘనుణ్ణి నేను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

మమ్మల్ని కాపాడింది కమలాకర్ గారే. తెలిసి చేయలేదు పాపం. మంత్రిగారు వచ్చే రోజు ఉదయం ఆయన ఆటగాళ్లను పిలిచి అధికారిక నియమావళి చదివారు. అన్ని శాఖలతో సమన్వయం చేసుకుని, న్యాయ సలహా తీసుకుని తయారుచేశారట.

"నియమం ఒకటి. అటవీ శాఖ అభ్యంతరం మేరకు పులులను నిర్బంధించడం, చుట్టుముట్టడం, కట్టివేయడం నిషిద్ధం. నియమం రెండు. పశుసంవర్ధక శాఖ అభ్యంతరం మేరకు బహిరంగ ప్రదేశంలో మేకలను వధించడం నిషిద్ధం. ఈ పరిమితులకు లోబడి ఇరుపక్షాలూ స్వేచ్ఛగా గెలవవచ్చు."

మస్తాన్ వేళ్లు ముడుచుకుంటూ లెక్క వేసుకున్నాడు. "మేకను తినగూడదు, పులిని కట్టగూడదు. అట్లయితే గెల్చేది యెట్ల సార్?"

"అది మీ క్రీడా నైపుణ్యానికి సంబంధించిన విషయం. శాఖ జోక్యం చేసుకోదు."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని కమలాకర్ గారు మంచినీళ్లు తెప్పించారు. ఆవిడ నవ్వుతోంది.

షామియానా కింద మంత్రిగారు, జిల్లా అధికారులు, పులి వేషాలు కట్టిన స్కూలు పిల్లలు. మంత్రిగారి పక్కన ముక్కాలు మనిషి ఎత్తు కప్పు. ఆట మొదలైంది. పులి ఇటు కదిలింది, మేక అటు కదిలింది. పులి వెనక్కి వచ్చింది, మేకా వెనక్కి వచ్చింది. మైకులో వ్యాఖ్యాత "అద్భుతమైన ఎత్తుగడ" అని మొదటి గంటలో నలభై సార్లు అన్నాడు. రెండో గంటలో గొంతు పోయి కూర్చున్నాడు. మూడో గంటలో మంత్రిగారు కునుకు తీసి లేచి, "ఎవరు గెలుస్తున్నారు?" అని అడిగారు.

"ఇరుపక్షాలూ నియమబద్ధంగా ముందుకు సాగుతున్నాయి సార్," అన్నారు కమలాకర్ గారు చెమట తుడుచుకుంటూ.

"కప్పు ఎవరికివ్వాలయ్యా?"

ఫలితం లేకుండా కప్పు ఇస్తే ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు. ఇవ్వకుండా పోతే పేపర్లు ఊరుకోవు. చివరికి మంత్రిగారు కప్పును కమలాకర్ గారికే తాత్కాలికంగా అప్పగించి వెళ్లిపోయారు. ఆట మాత్రం వాయిదా వేశారు. రోజూ మూడు నుంచి ఐదు వరకు, పరిశీలకుడి సమక్షంలో, ఫలితం తేలేదాకా సాగాలని ఆదేశం.

అలా పరిశీలకుడొకాయన కుర్చీ, గొడుగు, రిజిస్టరుతో మా ఊరికి వచ్చి పడ్డాడు. ప్రతి ఎత్తూ రాసుకుంటాడు. సాయంత్రం "ఆట కొనసాగుచున్నది" అని రాసి సంతకం చేస్తాడు. ఎనిమిది నెలలు గడిచాయి. జయరాముడి యంత్రాలు వంద మీటర్ల అవతల తుప్పు పడుతున్నాయి. ఓబులమ్మ, మస్తాన్ గడియారం లోలకంలాగా అటూ ఇటూ రాళ్లు జరుపుతూ కూర్చున్నారు. బండ మిగిలింది గానీ దాని మీద ఆట పోయింది. అది వాళ్లిద్దరికీ ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. ఒకరోజు మస్తాన్ చేయి తనకు తెలియకుండానే మేక మీదుగా దూకబోయింది. పరిశీలకుడు ఈల వేశాడు.

జయరాముడు మాత్రం ఊరుకునే మనిషి కాదు. కాళ్లరిగేలా తిరిగి నియమావళికి సవరణ తెచ్చుకున్నాడు. సంస్కృతి పరిరక్షణ నిమిత్తం ఒక్క ఆటకు పరిమితమై, పులులను కట్టుటకు, మేకలను చంపుటకు ప్రత్యేక మినహాయింపు. ఆ కాగితం తానే స్వయంగా మోసుకొచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె కూడా ఉంది.

"అవ్వా, ఇంగ నీ ఇష్టం. మొన్నటి దాకా నీ చేతులు కట్టేసినారు, ఇప్పుడిడిసినారు. మంత్రిగారి కప్పు నీదే. ఊరంతా చూస్తాది, గెలుచు."

నిజంగానే ఊరంతా చూడటానికి వచ్చింది. కమలాకర్ గారు కప్పు తెచ్చి బండ అంచున పెట్టారు. బండ కోసే యంత్రం కింద ఆగి ఉంది. ఇక ఇద్దరికీ మిగిలింది ఒకటే దారి. పరిశీలకుడికి అనుమానం రాకుండా, నిజంగా ఆడుతున్నట్టే ఆడుతూ, ఎవరూ గెలవకూడదు.

అది ఎంత కష్టమో ఆట వచ్చినవాళ్లకే తెలుస్తుంది. మస్తాన్ ఎదురుగా వచ్చిపడిన మేకలను వదిలేశాడు. మూడుసార్లు వదిలేశాడు. పైకి మాత్రం "అయ్యో, సూసుకోలేదే" అని తొడ చరుచుకున్నాడు. మేకలను తప్పించడానికి పులులను వెనక్కి వెనక్కి జరుపుతూ, చూసుకోకుండా మూడింటినీ ఒక మూలకు తెచ్చేశాడు. వాటి చుట్టూ ఓబులమ్మ మేకలు. ఒకే ఒక్క గడి ఖాళీ. పక్కనే ఒక మేక. దాన్ని వేలితో ఇంత జరిపితే మూడు పులులూ కట్టుబడిపోతాయి.

ఇది మస్తాన్ ఇచ్చింది కాదు. ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది, పాలిపోయింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నిజంగా దొరికిపోయాడు.

జయరాముడు మిఠాయి పెట్టె మూత తీశాడు. కమలాకర్ గారు కప్పు మీద చెయ్యి వేశారు. ఓబులమ్మ ఆ మేక మీద వేలు పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. జరుపు అవ్వా, అని నాకే గట్టిగా అరవాలనిపించింది. నేనూ మనిషినే కదా.

ఆవిడ మేకను వెనక్కి జరిపింది. దారి తెరుచుకుంది. మస్తాన్ పులి మెల్లగా అందులోంచి బయటికి వచ్చింది.

"అయ్యో, సూపు ఆనడం ల్యా," అంది ఓబులమ్మ పైకి, అందరికీ వినిపించేలా. కొంగుతో కళ్లు తుడుచుకుంది. జయరాముడు మిఠాయి పెట్టె మూసి బండ దిగిపోయాడు.

తర్వాత ఓబులమ్మ తల వంచుకుని, గీతల మీదుగా వంగి, మస్తాన్‌కు మాత్రమే వినిపించేంత మెల్లగా అడిగింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినిపించింది.

"మస్తానూ, కట్టేసింటి గదా?"

"కట్టేసినావక్కా. అల్లా సాచ్చిగా. నేను ఓడిపొయినా."

కుర్చీలో పరిశీలకుడు తల ఎత్తాడు. "ఏమన్నారు? ఓడిపోయానన్నారా?"

"లేద్సార్," అన్నాడు మస్తాన్. "దగ్గినా."

పరిశీలకుడు రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు. పులుల పక్షము దగ్గెను. ఆట కొనసాగుచున్నది.